మెట్టుంది, జాగ్రత్తండీ

బడికి వేసవి సెలవులిచ్చిన రోజున అఫ్సా ఒక పసుపుపచ్చ కరపత్రం తెచ్చి నా ఒళ్ళో పెట్టడం, నేనది చదివి లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకు తాగడం పోయిన వారం చదివారు. ‘ధ్రువనౌక వచ్చేసింది! టీవీలో చూసిన అంతరిక్ష నౌక ఇప్పుడు మీ విజయవాడలో’ అని ఆ కాగితం మీద ఉంది. కింద ఉక్కయ్య బొమ్మ. ఉక్కయ్యంటే ఆ నౌకలోని మరమనిషి.

ధ్రువనౌక తొమ్మిదేళ్ళ కిందట ఆదివారం ఉదయాల్లో వచ్చిన సీరియల్. మన ఊరివాళ్ళే తీశారు. అందులో నౌకను నడిపే కంప్యూటరు పేరు దిక్సూచి. దిక్సూచికి ముఖం లేదు, గొంతు ఒక్కటే. ఆ గొంతు నా భార్య సబీహాది. అఫ్సాకు రెండేళ్ళు నిండాయో లేదో, సబీహా కామెర్లతో పోయింది. ఇంట్లో ఆమె ఫొటోలున్నాయి, చీరలున్నాయి, సగం అల్లిన స్వెట్టరుంది. గొంతు లేదు. ఉన్నన్నాళ్ళూ ఇల్లంతా అదే వినిపిస్తుంటే దాన్ని ఎక్కడైనా పట్టి ఉంచుకోవాలని ఎవరికి తోస్తుంది?

“అబ్బా, అక్కడికెళ్తే అమ్మీ మాట్లాడుతుంటే వినొచ్చా?” అని అఫ్సా అడిగింది. దానికి నేను అబ్బాను, తల్లి అమ్మీ. వచ్చే శుక్రవారం దానికి పదేళ్ళు నిండుతాయి. పుట్టినరోజుకి ఏం కావాలన్నా మరొకటి అడగలేదు. నేను రెండు మూడు రోజులు దాటవేశాను. మా అమ్మ కుల్సుం ఊరుకోలేదు. పిల్ల అడిగింది బంగారం కాదు, తీసుకెళ్ళమంది.

నా భయం వేరు. తల్లి గొంతు ఎలా ఉండేదో ఆ పిల్ల తన మనసులో ఎప్పుడో ఒకటి అనుకుని ఉంటుంది. అసలుది అలా లేకపోతే ఏమనుకుంటుందో. అసలేదీ లేకపోతే మరీను. అయినా ఆదివారం పొద్దున్నే దానికి రెండు జడలు వేసి, పంజా సెంటర్లో రిక్షా ఎక్కించాను. జడలు వేయడం నాకిప్పటికీ సరిగా రాదు. ఒకటి చెవి మీదికి వస్తే ఇంకొకటి మెడ వెనక్కి పోతుంది. అఫ్సా అద్దంలో చూసుకుని, బాగున్నాయంది. ఆ పిల్లకు తల్లి నుంచి వచ్చిన గుణాల్లో అదొకటి.

దారిలో దిక్సూచి కథ మళ్ళీ చెప్పమంది. మా సందులో అందరికీ తెలిసిన కథే.

సబీహా రేడియోలో అప్పుడప్పుడూ ప్రకటనలు చదివేది. పుట్టింట్లో ఉర్దూ. తెలుగు ఇరుగుపొరుగుల దగ్గరా రేడియో దగ్గరా నేర్చుకుంది. ఆ నేర్చుకోవడంలో ‘అండీ’ అనే మాట ఆమె నాలుక మీద కూర్చుని మరి దిగలేదు. కూరగాయల బండివాణ్ణి అండీ, బడిపిల్లల్ని అండీ. కిటికీలోంచి దూరిన పిల్లిని కూడా “పక్కకి జరగండీ” అనేది. మా ఇళ్ళలో భర్తను పిలవడానికి వేరే పద్ధతులున్నాయి. ఆమె నన్ను “ఏమండీ” అనే పిలిచేది. ఈ పిల్ల నా కొడుకుని తెలుగు సినిమా మొగుణ్ణి చేసేసిందని మా అమ్మ నవ్వేది.

దిక్సూచికి రాసిచ్చిన మాట ‘ప్రమాదం సమీపిస్తోంది’. సబీహా మైకు ముందుకెళ్ళి “ప్రమాదం దగ్గరకొస్తోందండీ” అంది. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ అండీ వచ్చింది. మిషను అలా మాట్లాడదమ్మా అన్నారు. అప్పుడామె, భయపెట్టే మాట చెప్పేటప్పుడైనా కాస్త మర్యాదగా చెప్పాలి కదండీ అందట. అక్కడున్నవాళ్ళంతా నవ్వి, దాన్ని అలాగే వదిలేశారు. రెండో వారానికల్లా ఊళ్ళో పిల్లలు రోడ్డు మీద సైకిళ్ళు తొక్కుతూ ప్రమాదం దగ్గరకొస్తోందండీ అని అరవడం మొదలుపెట్టారు.

“అంటే అండీ ఉంటేనే అమ్మీ,” అంది అఫ్సా. అవునన్నాను.

గవర్నర్‌పేటలో మూతబడ్డ ఒక సినిమా హాల్లో పెట్టారు ఆ ప్రదర్శన. కుర్చీలు తీసేసి, తెర ఉండే వేదిక మీద నౌక లోపలి భాగం కట్టారు. కింద అద్దాల పెట్టెల్లో దుస్తులు, తుపాకులు, తొమ్మిదో గ్రహం నుంచి తెచ్చిన రాళ్ళు. దగ్గరికెళ్ళి చూస్తే నౌకంతా మన ఆటోనగర్ సరుకేనని తెలిసిపోతుంది. మీటర్లు ట్రాక్టరువి. చుక్కాని లారీ స్టీరింగు. నా పక్కనున్న ఒకాయన కొడుక్కి అదే చెప్పబోయాడు. “ఇది లేలాండ్‌ది రా” అన్నాడు. “నీకు తెలీదు నాన్నా, ఇది నౌకది” అని ఆ పిల్లవాడు తండ్రి చేయి వదిలేసి ముందుకు పోయాడు. అఫ్సా నా వైపు చూసి, వాడే కరెక్టు అంది.

వేదిక కింద ఒక బల్లకు ఎర్ర మీట బిగించి, పైన ‘దిక్సూచితో మాట్లాడండి’ అని రాశారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. మా వంతు వచ్చేసరికి అఫ్సా చేతులు గౌనుకు తుడుచుకుంది. నా చేయి పట్టుకుంది. మీట నొక్కింది.

“హెచ్చరిక. ప్రమాదం సమీపిస్తోంది.”

మంచి గొంతే. శుభ్రమైన ఉచ్చారణ. ఎక్కడో పెద్ద స్టూడియోలో చెప్పించినట్టు నునుపుగా ఉంది. అఫ్సా మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. మూడోసారి నొక్కబోతే వెనకవాళ్ళు గొణిగారు. పక్కకు వచ్చాం.

“ఇది అమ్మీ కాదు,” అంది.

“కాదు తల్లీ.”

ఏడవలేదు. ఒక జడ చివర నోట్లో పెట్టుకుంది. చిన్నప్పుడు మానిపించిన అలవాటు అది.

వచ్చిన దారినే వెళ్ళిపోయేవాణ్ణేమో. గొడవపడే మనిషిని కాను. కానీ తలుపు దగ్గర బల్ల వేసుకుని టికెట్లు చింపుతున్న పెద్దాయనను చూసి ఆగాను. ఆయన వెంకటసుబ్బారావు గారు, ధ్రువనౌక తీసిన మనిషి. సబీహాను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు దూరం నుంచి చూసేవాణ్ణి. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. దిక్సూచి గొంతు మార్చారేమండీ అని అడిగాను.

చాలామంది అడుగుతున్నారని చెప్పాడాయన. పాత టేపులకు బూజు పట్టిందట. బొమ్మ మిగిలింది గాని శబ్దం పాడైపోయింది. కొత్త చానల్‌వాళ్ళు మళ్ళీ వేస్తామంటే అన్ని పాత్రలకూ హైదరాబాదులో కొత్తగా చెప్పించారు. ఆ మాటలు చెబుతూ ఆయన కూడా సంతోషంగా ఏమీ లేడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. అఫ్సా మాత్రం బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“మరి అండీ ఎందుకు తీసేశారండీ?”

“మిషను కదమ్మా. మిషనుకి మర్యాదేంటన్నారు.”

“చెప్పేది మిషనే. వినేది మనుషులు కదండీ.”

వెంకటసుబ్బారావు గారు టికెట్లు చింపడం ఆపాడు. కళ్ళజోడు పైకి తోసుకుని దాని ముఖంలోకి చూశాడు. తర్వాత నా ముఖంలోకి.

“ఈ మాట నేనింతకుముందు విన్నాను,” అన్నాడు మెల్లగా. “ఎవరమ్మాయండీ ఈ పిల్ల?”

చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె పోయిన సంగతి తనకు చాలా ఆలస్యంగా తెలిసిందని, రావాలనుకుని రాలేకపోయానని ఏదో అంటున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

హాలంతా ఒక్కసారి చీకటైంది. పిల్లలంతా కలిసి ఓ అన్నారు. జనరేటర్లో డీజిలు పోయించడం మరిచిపోయారట. ఒక మనిషిని డబ్బా ఇచ్చి పంపి, పక్క తలుపులు తెరిపించారు. ఎండ రెండు పలకలుగా లోపలికి పడింది. ఉక్కపోత భరించలేక జనం సోడాల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. రెండు నిమిషాల్లో ఆ పెద్ద హాల్లో మేమే మిగిలాం.

మేం ముగ్గురమూ, ఉక్కయ్యా.

వేదిక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు ఉక్కయ్య. తల విప్పి పక్కన పెట్టుకుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆ తల కూడా ఆటోనగర్‌లోనే పుట్టింది. రేకు డబ్బా, కళ్ళకు అద్దాలు తీసేసిన రెండు లారీ హెడ్‌లైట్లు. లోపలి మనిషి బాగా పొడగరి, విశాలమైన భుజాలు. పేరు కోటి. బందరు దగ్గర గిలకలదిండిలో సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. అంత బరువూ ఉక్కా ఓర్చుకోగలడని ఆ రోజుల్లో అతన్ని ఏరి తెచ్చారు. ఎక్కడ ప్రదర్శన పెట్టినా ఇప్పటికీ అతనే వచ్చి ఆ రేకులు తొడుక్కుంటాడని వెంకటసుబ్బారావు గారు చెప్పాడు.

“కోటీ, ఈయన మన సబీహమ్మ గారి భర్తయ్యా. ఈ పాప ఆవిడ కూతురు.”

కోటి తువ్వాలు పక్కన పెట్టాడు. రేకులు చప్పుడు చేస్తూ లేచి, నాకు నమస్కారం పెట్టాడు. అఫ్సా వైపు వంగాడు.

“కొత్త గొంతు విన్నావా పాపా?”

అఫ్సా తలూపింది.

“నాకూ నచ్చలేదు.” అతను తన తల వైపు, అంటే పక్కనున్న రేకు తల వైపు చూశాడు. “అసలుది ఇందులో ఉంది.”

అతను తలను తిరగేసి చూపించాడు. లోపల స్పాంజి ముక్కల మధ్య ఒక పాత వాక్‌మన్ తీగెలతో కట్టి ఉంది. చెవుల దగ్గర రెండు చిన్న స్పీకర్లు.

ఆ తల పెట్టుకుంటే ఎదురుగా ఉన్నది తప్ప ఏమీ కనబడదట. కింద చూపు అసలానదు. బయట కెమెరా దగ్గర ఎంత అరిచినా వినబడేది కాదట. మొదటి రోజు షూటింగులో రెండుసార్లు పడ్డాడు, ఒకసారి చుక్కాని విరిగింది. అందరూ తిట్టారు. సబీహా మాత్రం ఏమీ అనకుండా, చీర కొంగు నడుముకు దోపి ఆ సెట్టంతా తను నడిచి చూసుకుంది. ఎక్కడ తిరగాలో, ఎక్కడ మెట్టుందో గుర్తుపెట్టుకుని, మర్నాడు ఒక క్యాసెట్టు తెచ్చి ఇచ్చింది. దిక్సూచి మాటలూ వాటి మధ్యలో కోటికి దారీ. క్యాసెట్టు మొదలుపెట్టి నడిస్తే చాలు.

“ఆవిడ చెబుతుంటే నడుస్తానండీ,” అన్నాడు కోటి. “ఇప్పటికీ అంతే. సెట్టు ఏ ఊళ్ళో కట్టినా అదే కొలతకి కడతారు. నాకు కళ్ళతో పని లేదు.”

ఇన్నేళ్ళూ నేను ఆ గొంతు ఈ భూమ్మీద లేదనుకున్నాను. ఆ సమయంలో అది ఏలూరులోనో తెనాలిలోనో ఒక రేకు డబ్బాలో ఒక మనిషిని పడకుండా నడిపిస్తూనే ఉందన్నమాట. నేను వేదిక మెట్టు మీద కూర్చుండిపోయాను. అఫ్సా నా మాట కోసం చూడలేదు.

“నేను పెట్టుకోవచ్చాండీ?”

అది ముట్టుకోనిచ్చే వస్తువు కాదు. ముట్టుకోరాదని పక్కనే బోర్డుంది. కోటి వెంకటసుబ్బారావు గారి వైపు చూశాడు. ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి దాన్ని గోడ వైపు తిప్పి పెట్టి, డీజిలు వచ్చిందేమో చూస్తానంటూ బయటికి వెళ్ళిపోయాడు.

అఫ్సాను నౌక గుమ్మంలో, తను నడక మొదలుపెట్టే చోట నిలబెట్టి, తువ్వాలు మడిచి నెత్తి మీద వేసి, దాని మీద తలను మెల్లగా దించాడు కోటి. రెండు జడలూ కింద వేలాడుతున్నాయి. చేయి లోపలికి పెట్టి మీట నొక్కాడు. టక్కుమంది. ఇక నాకేమీ వినబడలేదు. హెడ్‌లైటు కన్నాల్లో అఫ్సా కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి మొదట నా వైపే చూశాయి. తర్వాత ఎటూ చూడడం మానేశాయి.

“అంటోంది,” అంది రేకులోంచి. దాని గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. “నమస్కారం కోటిగారూ, పదండి అంటోంది.”

“అయితే పద,” అన్నాడు కోటి.

అఫ్సా నడిచింది. మూడడుగులు వేసింది. ఆగి, ఏమీ లేనిచోట కాలు బాగా పైకెత్తి గాల్లో పెట్టి తూలింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. మెట్టు ఇంకా రెండు గజాల అవతలుంది.

“మెట్టుందన్నది అబ్బా. మూడడుగులయ్యాక మెట్టుంది, జాగ్రత్తండీ అంది.” కాలితో నేల తడిమింది. “లేదు. అమ్మీ తప్పు చెప్పింది.”

అప్పటిదాకా ఏడవని పిల్ల ఇప్పుడు ఏడుస్తుందని అర్థమైంది. గొంతు దొరకనందుకు ఓర్చుకుంది గాని, దొరికిన గొంతు తప్పు చెప్పిందంటే ఓర్చుకోలేదు. కోటి కంగారుపడ్డాడు. అది తప్పు కాదు పాపా, ఆవిడ నా అడుగులు లెక్కేశారు, నా కాళ్ళు చూడు అని తన పాదం చూపించాడు. రేకు తల కిందికి వంగదు కాబట్టి ఆ పాదం దానికి కనబడలేదు.

నాకు చటుక్కున ఒక పాత సంగతి గుర్తొచ్చింది. సబీహా వంట చేసుకుంటుంటే, పిల్లను నా పాదాల మీద నిలబెట్టుకుని ఇల్లంతా తిప్పేవాణ్ణి. నా అడుగు దాని అడుగయ్యేది. నేను చెప్పులు విడిచాను.

“వెనక్కి రా తల్లీ. ముందులాగా నా పాదాల మీద నిలబడు.”

“నేనిప్పుడు బరువున్నాను.”

“ఉంటే ఉండు. నిలబడు.”

కోటి క్యాసెట్టు మళ్ళీ మొదటికి తిప్పాడు. అఫ్సా నాకు వీపు ఆనించి, నా పాదాల మీద తన పాదాలు పెట్టింది. నిజంగానే బరువుంది. రేకు తల నా గడ్డానికి తగులుతోంది. దాని రెండు చేతులూ పట్టుకున్నాను. టక్కుమంది.

“పదండి అంటోంది.”

పెద్ద అడుగులు, కోటి అడుగులంతవి, వేశాను. ఒకటి, రెండు, మూడు.

“మెట్టు.”

మెట్టు అక్కడే ఉంది. ఎక్కాం.

“కుడివైపుకి తిరగమంటోంది. అక్కడ వైర్లున్నాయిట, కాలు ఈడ్చకండి అంటోంది.” తిరిగాం. చుక్కాని మా పక్కనుంచి వెళ్ళింది. “ఇప్పుడు ఆగమంటోంది. ఇప్పుడు…” అఫ్సా నవ్వింది. రేకులో ఆ నవ్వు గలగలమంది. “ప్రమాదం దగ్గరకొస్తోందండీ! అబ్బా, అన్నది. అండీ అన్నది!”

నేను వినలేదు. అఫ్సా నోటి నుంచి విన్నాను. ‘దగ్గరకొస్తోందండీ’ అన్నప్పుడు ‘కొ’ దగ్గర కొంచెం ఆగి, చివర పైకి లేపింది. అది సబీహా పలికే తీరు. ఎవరూ నేర్పలేదు. చెవిలో ఎలా పడిందో అలా బయటికొచ్చింది. అఫ్సా మనసులో ఇన్నాళ్ళూ ఉన్న గొంతు ఎలాంటిదో నాకు తెలియదు. ఇప్పుడు ఉన్నది మాత్రం నాకు తెలిసినదే.

అలా ఆ చీకటి నౌకలో ముగ్గురం నడిచాం. ఒకరు దారి చెబుతున్నారు, ఒకరు వింటున్నారు, ఒకరు అడుగు వేస్తున్నారు. ఒక్కచోట కూడా తగల్లేదు. చివరికి కెప్టెను కుర్చీ దగ్గర ఆగమంది సబీహా.

“కూర్చోండి, అలిసిపోయుంటారు అంటోంది.” అఫ్సాను కుర్చీలో దించాను. “అయిపోయింది. చివర్లో మంచినీళ్ళు తాగండి అంది.”

కోటి అప్పటికే తన సీసా మూత తీసి పట్టుకున్నాడు. తల ఎత్తి తీశాడు. అఫ్సా ముఖమంతా చెమట, దుమ్ము. ఆ నీళ్ళు ఆపకుండా గటగటా తాగింది. అమ్మ చెప్పిన మొదటి పని కదా. తర్వాత పెదాలు తుడుచుకుని, బడిలో తను నా గురించి చెప్పినప్పుడల్లా నొప్పెక్కడే అని అడిగే పిల్లలందరికీ ఈ సంగతి చెబుతానంది. పిల్ల ‘అబ్బా’ అంటే తెలుగు పిల్లలకు మూలుగులా వినిపిస్తుంది మరి.

నేను కోటి చేతులు పట్టుకున్నాను. ఈ క్యాసెట్టుకి నకలు తీయించుకుంటానని అడిగాను. నకలెందుకండీ, ఇది మీదేగా అన్నాడు. నాకు దారి నోటికొచ్చేసింది, ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ వింటున్నా అన్నాడు. వాక్‌మన్ మూత తీసి క్యాసెట్టు బయటికి తీశాడు. ఇవ్వబోయి, దాన్ని తిరగేసి చూశాడు.

“ఒకటి చెప్పాలండీ. రెండో వైపు కూడా ఉంది.”

“ఏముంది?”

“నాకు తెలీదు. ఇచ్చిన రోజునే చెప్పారు. ఇంట్లో చేతికి దొరికిన క్యాసెట్టు తెచ్చాను కోటిగారూ, ఆ వైపు మా ఇంటిది, వినకండీ అన్నారు.”

“ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదా?”

“ఇంటిదన్నారుగా.” ఆ మాట అనేసి, అందులో ఇంకేముందన్నట్టు చూశాడు.

అఫ్సా నా వైపు చూసింది. తనకూ వినాలని ఉందని ముఖంలో తెలుస్తోంది. అయినా, “ముందు నువ్వు విను అబ్బా” అంది. “నేను విన్నానుగా.”

కోటి క్యాసెట్టును రెండో వైపుకి తిప్పి పెట్టాడు. రేకు తల నా నెత్తి మీదికి దిగింది. లోపల స్పాంజి వాసన, కొబ్బరినూనె వాసన, ఇనుము వేడి. ప్రపంచం రెండు గుండ్రటి కన్నాలంత అయింది. వాటిలో అఫ్సా నిలబడి ఉంది, ఒక జడ చెవి మీదికి వచ్చి.

టక్కుమంది.

ముందు ఫ్యాను చప్పుడు. మా ఇంటి ఫ్యానే, తిరిగిన ప్రతిసారీ ఒక కిర్రు. సందులో ఎవరో అరటిపళ్ళని కేక వేశారు. దగ్గర్లో ఒక చంటిపిల్ల తనలో తనే ఏదో చెప్పుకుంటోంది. తర్వాత గాజులు, గొంతు సవరించుకోవడం.

“ఏమండీ.”

నేను కళ్ళు మూసుకున్నాను.

“మీ ఎదురుగా చెప్పాలంటే నవ్వొస్తోంది. అందుకని దీనికి చెబుతున్నాను. కోప్పడకండీ. మిమ్మల్ని అడక్కుండా ఒక పని చేశాను. మొన్న కొండపల్లి వెళ్ళాను చూశారా, అక్కడ ఒకావిడకి మాటిచ్చాను. రావమ్మ గారని, బొమ్మలకి రంగులేస్తారు. మన పాపకి పదేళ్ళు నిండిన రోజున, పాపని తీసుకుని మనిద్దరం ఆవిడ దగ్గరికి…”

హాల్లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. నౌక ఇంజను మోగింది. పైనున్న పెద్ద స్పీకర్లన్నిట్లోంచీ ఆ శుభ్రమైన కొత్త గొంతు, హెచ్చరిక, ప్రమాదం సమీపిస్తోంది, హెచ్చరిక, ప్రమాదం సమీపిస్తోంది అని అరవడం మొదలుపెట్టింది. రెండు చేతులతో ఆ రేకు తలను చెవులకు అదుముకున్నాను. సబీహా ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఏమంటోందో అందలేదు. తలుపుల్లోంచి పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు.

హెడ్‌లైటు కన్నంలో అఫ్సా నన్నే చూస్తోంది.

ఇవాళ ఆదివారం. అఫ్సాకు పదేళ్ళు నిండే శుక్రవారం ఇంకా రాలేదు.